మడి కట్టుకున్న మనిషి

పత్తర్‌గట్టి బట్టల దుకాణాల వెనక ఒక సందు ఉంది. ఎదురుగా ఆటో వస్తే మనిషి గోడకు అతుక్కుని నిలబడాల్సినంత ఇరుకు. ఆ సందు చివర చిన్న వేణుగోపాలస్వామి గుడి. అనంతపద్మనాభాచార్యులు ఆ గుడి అర్చకుడు. అంతకుముందు ఆయన తండ్రి, ఆయన తాత కూడా అక్కడే అర్చకులు. గుడి వెనక గోడను ఆనుకుని వాళ్ల ఇల్లు. పెరటి తలుపు తీస్తే నేరుగా గుడి ప్రాకారంలోకే అడుగు పడుతుంది.

ఆచార్యులు పొడుగ్గా, బక్కగా ఉండేవారు. మాట తక్కువ, గొంతు పెద్దది. ఆయనకు పేరు తెచ్చింది మాత్రం అలంకారం. ఒకనాడు స్వామికి కట్టిన తీరు మరునాడు కట్టేవారు కాదు. పంచె కుచ్చెళ్లు ఎటు జారాలో, తులసిమాల ఏ భుజం మీద ఆగాలో, మల్లెలు ఎక్కడ ముగిసి కనకాంబరాలు ఎక్కడ మొదలవ్వాలో ఆయన చేతులకే తెలుసు. శనివారం నాడు చాంద్రాయణగుట్ట నుంచి బస్సెక్కి మరీ అలంకారం చూడ్డానికి వచ్చేవాళ్లు ఉండేవారు. ఆయన ఇంటి ముందు నుంచి వెళ్లే ముస్లిం దర్జీలు కూడా మడి పంచెతో ఆయన ఎదురైతే పక్కకు తప్పుకుని దారిచ్చేవారు, తాకితే ఆయన మళ్లీ స్నానం చేయాల్సి వస్తుందని.

ఆ మడిలోనే ఆయన కష్టం మొదలైంది.

చిన్నప్పుడు తండ్రి ఆయనకు నేర్పిన మొదటి పాఠం మంత్రం కాదు. గర్భగుడిలోకి అడుగు పెట్టాక దేహం ఏమడిగినా వినకూడదని. లఘుశంకకు బయటికి పోతే కాళ్లు కడుక్కుని ఆచమనం చేస్తే చాలనేవాళ్లు ఉన్నారు. ఆయన తండ్రి అలా ఒప్పుకునే మనిషి కాదు. బయటికి పోయినవాడు తలమీద నీళ్లు పోసుకుని, పొడి మడి పంచె కట్టుకుని గానీ లోపలికి రాకూడదు. అలా పోవాల్సిన అవసరం రాకుండా ఉండాలంటే నీళ్లు తాగకూడదు. ఆ పిల్లవాడు అది నేర్చుకున్నాడు. పెద్దయ్యాక అదే ఆయన గర్వమైంది. తెల్లవారుజామున లేచిన దగ్గర్నుంచి మధ్యాహ్నం తలుపులు వేసేదాకా గుక్కెడు తీర్థం తప్ప గొంతులో ఏదీ పడేది కాదు. ఎంత వచ్చినా ఆపుకునేవారు. తలుపులు వేశాక చిక్కటి కాఫీ, కునుకు తీసి లేచాక ఇంకో కాఫీ, సాయంత్రం గుడికి పోయే ముందు మరొకటి. నీళ్లు మాత్రం రాత్రి భోజనమయ్యాక చెంబెత్తి ఒకేసారి తాగేవారు. నడక అంటే ఇంటి నుంచి గుడికి, గుడి నుంచి ఇంటికి.

అరవై దగ్గర పడుతున్నప్పుడు మొదటిసారి తేడా తెలిసింది. మూత్రానికి పోతే వెంటనే వచ్చేది కాదు. నిలబడి ఎదురుచూడాలి. వచ్చినా ధార సన్నగా, ఆగి ఆగి. అయిపోయిందనుకుని బయటికి వస్తే మళ్లీ పోవాలనిపించేది. రాత్రి నిద్ర ముక్కలైంది. రాత్రి మాటిమాటికీ లేవడం ఎందుకని భార్య కోమలవల్లి అడిగితే ముసలితనం కదా అన్నారు. ఆమె కూడా అంతే అనుకుంది. ఆమె తండ్రికీ చివరి రోజుల్లో అలాగే ఉండేది. ఇంట్లో దాన్నెవరూ జబ్బు అనలేదు.

ఆచార్యులు తనకు తోచిన వైద్యం చేసుకున్నారు. లోపలికి తక్కువ పోతే బయటికి తక్కువ వస్తుందని లెక్క. ఉన్న నీళ్లు కూడా తగ్గించారు. మూత్రం పచ్చగా, మంటగా రావడం మొదలైంది. మంట తగ్గడానికి ఇంకా తక్కువగా పోవాలని ఇంకా తగ్గించారు.

అయినా అవసరం ఆగలేదు. సేవ మధ్యలో పెరటి తలుపు తీసుకుని ఇంటికి వచ్చేవారు. స్నానాలగదిలో చాలాసేపు ఉండి, నెత్తిన నీళ్లు పోసుకుని, కొత్త మడి పంచె కట్టుకుని తడి జుట్టుతోనే మళ్లీ గుడికి. ఒక పూటలో ఇలా ఎన్నోసార్లు. పెరట్లో తీగ మీద ఆరేసిన పంచెలకు చోటు చాలక కోమలవల్లి మేడ మెట్ల మీద కూడా ఆరేయసాగింది. ఒకరోజు ఆమె తడి పంచె పిండుతూ అడిగింది.

"ఏమండీ, గిన్నిసార్లు తానమెందుకు? ఒంట్ల బాగలేదా?"

"చెమట పడుతున్నది," అన్నారాయన. అది మార్గశిరం.

కొడుకు అచ్యుత్ కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. భార్యాబిడ్డలతో అదే ఇంట్లో పై వాటాలో ఉంటాడు. అతను కూడా రెండు మూడుసార్లు దవాఖానకు పోదామన్నాడు. దేనికని తండ్రి అడిగితే ఏ మాట అనాలో తెలియక ఊరుకున్నాడు. తండ్రి ముందు ఆ మాట కొడుకు అనలేకపోయాడు. కొడుకు ముందు తండ్రీ అనలేకపోయాడు.

గుడికి వచ్చేవాళ్లకు ఇదేమీ తెలియదు. వాళ్లకు కనిపించింది వేరు. అయ్యగారికి కోపం పెరిగిందని, ఓపిక పోయిందని చెప్పుకున్నారు. అర్చన మధ్యలో గోత్రం అడిగి, పేర్లు సగం చదివి, హారతి ఇచ్చేసి వెళ్లిపోతున్నారని. రాజమణి అని ఒక పెద్దామె ఉండేది. భర్త పోయాక ఏటా ఆయన పుట్టినరోజున గుడికి వచ్చి, బతికున్న పిల్లల పేర్లన్నీ చెప్పి అర్చన చేయించుకునేది. ఆ ఏడు ఆమె చివరి మనవరాలి పేరు చెప్తుండగానే ఆచార్యులు పళ్లెం ఆమె చేతిలో పెట్టి లోపలికి తిరిగారు. ఆమె అలాగే నిలబడింది. పక్కవాళ్లు చూస్తున్నారని పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ గుడికి రాలేదు. ఆమె రావడం లేదని ఆచార్యులు గమనించారు, ఎందుకో కూడా తెలుసు. కబురు పంపాలంటే కారణం చెప్పాలి.

గుడికి పూలు తెచ్చే బసవయ్యకు మాత్రం అనుమానం వచ్చింది. అతనిదీ ఇంచుమించు అదే వయసు, అంతకుముందు అదే బాధ పడ్డవాడు. మాత్రలతో తగ్గిందని, ఇప్పటికీ రోజూ ఒకటి వేసుకుంటున్నానని దండలు అందిస్తూ ఒకసారి మెల్లగా చెప్పాడు. డాక్టరు దగ్గరికి తానే తోడు వస్తానన్నాడు. ఆచార్యుల ముఖం ఎర్రబడింది. పూలబుట్ట గడప దగ్గరే పెట్టి పొమ్మన్నారు. బసవయ్య మళ్లీ ఆ మాటెత్తలేదు.

అలా ఏళ్లు గడిచాయి. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. ఆయన ఊరికి పోవడం మానేశారు. పెళ్లిళ్లకు కోమలవల్లిని, కొడుకును పంపేవారు. సొంత అక్క చనిపోతే మహబూబ్‌నగర్ దాకా బస్సులో కూర్చోలేక, గుడి వదిలి రాలేనని కబురు చేశారు. గుడి చూసుకోవడానికి తమ్ముడి కొడుకు వేదాంత్ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆ సంగతి అక్క పిల్లలకూ తెలుసు. వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

పోయిన ఏడాది ధనుర్మాసంలో చలి గట్టిగా పట్టింది. వేకువనే స్నానాలు, తడి జుట్టు. ఆచార్యులకు జలుబు చేసింది. గొంతు పూడుకుపోతే తిరుప్పావై పాశురాలు చదవడం కుదరదని పత్తర్‌గట్టి మందుల షాపులో అడిగి జలుబు మాత్రలు తెప్పించుకున్నారు. ముక్కు కారడం ఆగింది. ముక్కోటి ఏకాదశికి ముందురోజు కూడా వేసుకున్నారు, ఏకాదశి నాడు తెల్లవారుజామున మళ్లీ వేసుకున్నారు.

ముక్కోటి నాడు ఉత్తర ద్వారం తెరిచేసరికి వరుస సందు దాటి పెద్ద రోడ్డు మీదికి పోయింది. ఆ పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆయనకు చుక్క మూత్రం రాలేదు. పొత్తికడుపు రాయిలా గట్టిపడింది. కాసేపటికి అదే వస్తుందిలే అనుకుని గర్భగుడిలోకి వెళ్లారు. జనం వస్తూనే ఉన్నారు. లోపల దీపాల వేడి, సాంబ్రాణి పొగ. నొప్పి నడుములోకి, తొడల్లోకి దిగింది. వేదాంత్ పక్కన నిలబడి భక్తుల తలల మీద శఠారి పెడుతున్నాడు. పెదనాన్న నడుం వంగిపోవడం చూసి కాసేపు కూర్చోమన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపారు.

ఎండ నెత్తికెక్కే వేళకు, పళ్లెం పైకెత్తినప్పుడు, ఆయన ప్రమేయం లేకుండా పంచె తడిసింది. ధారగా కాదు, నిండిన కుండ అంచు నుంచి కారినట్టు. కాలి వెంట దిగి రాతి నేల మీద చేరింది. బయట జనానికి ఏమీ కనిపించలేదు. వేదాంత్ తీర్థం ఒలికిందనుకుని గుడ్డ అందుకోబోయాడు.

"ముట్టకు," అన్నారాయన. "తెర వెయ్యి."

తెర పడింది. నైవేద్యం అనుకుని బయట జనం గోవింద నామం అందుకున్నారు. ఆ చప్పుడు మధ్య ఆచార్యులు వేదాంత్‌తో చెప్పారు.

"సంప్రోక్షణ చెయ్యాలె. పక్క గుడి స్వామిని పిలువు. నాతోనే మైలయిందని చెప్పు. వేరేది ఏమీ చెప్పకు."

పళ్లెం కింద పెట్టి, స్వామి వైపు వెనక్కి చూడకుండా పక్క తలుపు లోంచి ఇంటికి నడిచారు. పెరటి గడప మీద కూలబడ్డారు. కోమలవల్లి పరుగెత్తుకొచ్చి చూసింది. ఒళ్లంతా చెమట, పెదవులు నల్లబడ్డాయి. కడుపు ముట్టుకోబోతే ఆమె చేయి పట్టుకుని ఆపారు. ఆ స్నానాలన్నీ ఎందుకో ఆమెకు అప్పుడు అర్థమైంది.

అచ్యుత్ ఆటో పిలిచాడు. మెట్రో కోసం దుకాణాలు కూలగొట్టిన రోడ్డు మీద ఆటో గుంతగుంతకూ ఎగిరింది. ప్రతి కుదుపుకూ ఆయన సీటు అంచు గట్టిగా పట్టుకున్నారు. ఆటో నడిపే పెద్దాయన అద్దంలోంచి చూసి, చాచాకు నొప్పి ఎక్కువుందని తనే మెల్లగా పోనిచ్చాడు. ఏమైందని మాత్రం అడగలేదు.

దవాఖానలో గొట్టం వేయగానే మూత్రం సంచిలోకి దిగింది. సంచి నిండి, మార్చి, మళ్లీ నిండింది. నొప్పి పోయిన మరుక్షణం ఆయన ఏడ్చారు. నొప్పికి ఏడవని మనిషి నొప్పి పోయినందుకు ఏడవడం చూసి అచ్యుత్ గది బయటికి వెళ్లిపోయాడు.

ఆయనను చూసిన డాక్టరు అమల. వయసులో చిన్నది. ఆడమనిషి అని ఆయన మొదట గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆమె కుర్చీ లాక్కుని ఆ గోడ వైపే వచ్చి కూర్చుంది. మగవాళ్లకు వయసు పెరిగేకొద్దీ మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరుగుతుందని, అది జుట్టు నెరవడం లాంటిదేనని, అందులో ఎవరి తప్పూ లేదని చెప్పింది. తర్వాత ఆయన దినచర్య అడిగింది. ఆయన మెల్లగా ఒక్కొక్కటే చెప్పారు. గంటల తరబడి ఆపుకోవడం, నీళ్లు తాగకపోవడం, కాఫీలు, రాత్రి ఒకేసారి నీళ్లు, నడక లేకపోవడం. ఇవి గ్రంథిని పుట్టించలేదు గాని బాధను పెంచాయని ఆమె అంది. జలుబు మాత్రల సంగతి విని వాటి పేరు రాసుకుంది. అలాంటి మాత్రలు కొన్ని మూత్రం దారిని బిగించేస్తాయని, ఈ జబ్బున్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదని చెప్పింది.

"మొదట్లనే వస్తే మాత్రలతోనే సరిపోయేది కావచ్చు స్వామీ," అంది. "ఎందుకు రాలే?"

ఆయన దుప్పటి మెడదాకా లాక్కున్నారు. ఆమె మళ్లీ అడగలేదు.

మూత్రం ఏళ్ల తరబడి వెనక్కి నిలిచి రెండు మూత్రపిండాలూ ఉబ్బి ఉన్నాయి. అవి కొంతే కోలుకున్నాయి. ఒళ్లు కాస్త నిలదొక్కుకున్నాక గ్రంథికి ఆపరేషన్ చేశారు. దారి తెరుచుకుంది. కానీ అన్నేళ్లు సాగి సాగి మూత్రాశయానికి పిండే బలం పోయింది. గొట్టం తీసి చూశారు, రాలేదు. మళ్లీ వేశారు. అవసరమైనప్పుడల్లా తనే సన్న గొట్టం పెట్టి తీసుకోవడం నేర్పించారు. ఆయన నేర్చుకున్నారు, కానీ చీము పట్టి జ్వరం వచ్చింది, అదీ ఒక్కసారి కాదు. చివరికి గొట్టం అలాగే ఉంచేసి, పంచె కింద తొడకు సంచి కట్టి ఇంటికి పంపారు. నెలనెలా వచ్చి మార్పించుకోమన్నారు.

ఇంటికొచ్చిన రోజు కోమలవల్లి ఆయన పక్కన వచ్చి కూర్చుంది. తర్వాత అంది:

"ఇన్నేండ్ల కాపురంల అన్నీ నాకు చెప్పుకున్నరు. మీ నాయన కొట్టిన దెబ్బలు గూడ చెప్పిన్రు. ఇది చెప్పనీకి నేను పరాయిదాన్నయిన్నా?"

"నోరు రాలేదు కోమలా," అన్నారాయన. "దేవుని కాడ నిలబడెటోన్ని. గీ మాట నోట్లెకెళ్లి ఎట్ల తియ్యాలె?"

"ఆ పంచెలన్నీ పిండింది నేనే గద," అంది ఆమె. లేచి వెళ్లి నీళ్ల చెంబు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

గుడికి ఎప్పుడు వస్తారని జనం అడగసాగారు. వేదాంత్ చేతనైనట్టు నడుపుతున్నాడు. మంచి పిల్లవాడే గాని చేతులకు ఇంకా తీరు రాలేదు. దండలు భుజాల మీద బరువుగా వేలాడేవి. అతనే వెళ్లి, ఆగమం చదువుకున్న ఒక పెద్దాయనను అడిగి వచ్చాడు. దేహానికి వచ్చిన కష్టానికి దోషం లేదని, సంచి ఖాళీ చేసి స్నానం చేసి లోపలికి పోవచ్చని, నిలబడలేకపోతే కూర్చుని కూడా చేయవచ్చని ఆ పెద్దాయన చెప్పారట. అచ్యుత్, కోమలవల్లి, వేదాంత్ ముగ్గురూ ఆయన చుట్టూ కూర్చుని బతిమాలారు.

ఆచార్యులు అంతా విన్నారు.

"శాస్త్రం ఒప్పుకున్నది. సంతోషమే," అన్నారు. "నాకు నేను ఒప్పుకోవాలె గద."

అచ్యుత్‌కు కోపం వచ్చింది. ఆ పట్టుదలే ఇంత పని చేసిందని, ఇంకా దాన్నే పట్టుకుని కూర్చుంటే ఎట్లా అని గట్టిగా అన్నాడు. తండ్రి కాదనలేదు. నువ్వన్నది నిజమేనన్నారు. నిజమని తెలిసినా కాలు ముందుకు రావడం లేదన్నారు. తడిసిన ఆ రాతి నేల కళ్ల ముందు నుంచి పోవడం లేదన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆయనను బలవంతం చేయలేదు.

వారం రోజులకు ఆయన తనంతట తానే పెరటి తలుపు తీసుకుని గుడికి వెళ్లారు. మండపంలో, గర్భగుడి గడపకు ఇవతల, స్తంభానికి ఆనుకుని కుర్చీ వేయించుకున్నారు. అప్పటి నుంచి రోజూ అక్కడే. బసవయ్య పూలు తెచ్చి ఆయన ముందు పోసేవాడు. ఆయన దండ కట్టి వేదాంత్ చేతికిచ్చి, ఏది ఎక్కడ వేయాలో చెప్పేవారు. వేదాంత్ వేసేవాడు. కొంచెం ఎడమకు అనేవారు. వేదాంత్ కొంచెం ఎక్కువ జరిపేవాడు. మళ్లీ చెప్పబోయి ఊరుకునేవారు. చెప్పి చేయించిన అలంకారం చూసి జనం బాగుందన్నారు. ఆయన మాత్రం ఆ వైపు ఎక్కువసేపు చూసేవారు కాదు.

పాలకమండలి వాళ్లు చూడ్డానికి వచ్చి ఏం కావాలని అడిగితే, తనకేమీ వద్దని, వంటశాల పక్కన అర్చకుల కోసం ఒక మూత్రశాల, స్నానాల గది కట్టించమని అడిగారు. అంతకాలం ఆ గుడిలో అది లేదు, కావాలని అడిగినవాళ్లూ లేరు. ఎండాకాలం నాటికి కట్టించారు. వేదాంత్‌ను పిలిచి, ఆపుకోవద్దని, పొద్దున మడినీళ్లు తాగి రమ్మని చెప్పారు. అతను తలవంచుకుని సరేనన్నాడు. మండపంలో తన వయసు మగవాళ్లెవరైనా వచ్చి పక్కన కూర్చుంటే వాళ్లనూ అడిగేవారు, ధార మంచిగున్నదా అని. కొందరు నవ్వి లేచిపోయేవారు. ఒకరిద్దరు గొంతు తగ్గించి, లేదు స్వామీ అనేవారు. డాక్టరు అమల పేరు, ఎక్కడ కూర్చుంటుందో చెప్పి పంపేవారు.

మూత్రపిండాల పని మళ్లీ తగ్గుతోందని వానాకాలంలో పరీక్షల్లో తేలింది. ఉప్పు మానేశారు. పాదాలు ఉబ్బాయి. ఇంటి నుంచి మండపం దాకా నడవడానికి ఇప్పుడు కోమలవల్లి భుజం కావాలి. డయాలసిస్‌తో రక్తశుద్ధి చేయాల్సి రావచ్చని డాక్టరు ముందే చెప్పింది. అది వచ్చినప్పుడు చూద్దామన్నారు ఆచార్యులు. అచ్యుత్ మాత్రం ఆఫీసులో సెలవుల సంగతి ఇప్పటి నుంచే మాట్లాడుకుంటున్నాడు.

మొన్న శ్రావణ శనివారం గుడి నిండా జనం. అర్చనలు సగంలో ఉండగా వేదాంత్ పళ్లెం పెట్టి పక్క తలుపు లోంచి బయటికి వెళ్లాడు. కాసేపు అయింది. ఇంకాసేపు అయింది. ముందు వరుసలో ఒకాయన చేతి గడియారం చూసుకుని, గిట్ల నడుమల ఇడిసిపెట్టి పోవుడేందని గట్టిగానే అన్నాడు. వెనక నుంచి ఇంకొకరు అవునన్నారు.

ఆచార్యులు కుర్చీ చేతి మీద బరువు వేసి లేచి నిలబడ్డారు. పాత గొంతు కాదు, కానీ అందరికీ వినిపించింది.

"అయ్యగారు ఒంటేలుకు పోయిండు. తానం జేసి వస్తడు. కూసోండి."

వెనక ఒక ఆడపిల్ల నవ్వబోతే తల్లి ఊరుకోమంది. గడియారం చూసుకున్నాయన నేల మీద చతికిలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు.

ఆచార్యులు కూర్చోలేదు. లోపల స్వామి ఒక్కడే ఉన్నాడు. కుడి పక్క దీపంలో వత్తి నూనెలోకి జారి వెలుగు సన్నబడుతోంది. పుల్లతో ఒక్క జరుపు జరిపితే నిలబడుతుంది. ఆయన గడప దగ్గరదాకా వెళ్లి ద్వారబంధం పట్టుకుని ఆ వత్తినే చూస్తూ నిలబడ్డారు. అవతల నుంచి తడి జుట్టుతో వేదాంత్ వచ్చే అడుగుల చప్పుడు ఇంకా వినిపించలేదు.